వంద షేర్ల వర్నెల్

వర్నెల్ గేడ్సన్ ముప్ఫై ఒక్క ఏళ్లు మయామీ దగ్గరి బ్రోవర్డ్ కౌంటీలో స్కూలు బస్సు నడిపింది. వెనక్కి తిరిగి చూడకుండానే అరవై మంది పిల్లల నోళ్లు మూయించగల గొంతు ఆమెది. నేను అదే డిపోలో బళ్లు బాగుచేసేవాణ్ణి. రిటైరయ్యాక డానియా బీచ్ ట్రైలర్ పార్కులో, ఆ చక్రాల ఇళ్ల పేటలో, మా ఇంటికి రెండిళ్ల అవతలే ఉండేది.

ఆమె భర్త ఓటిస్ పోర్టులో విహార ఓడల ప్రయాణికుల పెట్టెలు మోసేవాడు. ఇరవై ఆరేళ్లు మోశాడు. సాయంత్రం ఓడలు బయల్దేరే వేళకు చెమటతో ఇంటికొచ్చేవాడు. ఆ ఓడల్లో ఒక్కటీ ఎక్కకుండానే పోయాడు. ఆ తర్వాత రెండేళ్లకు, షేర్ల ధరలన్నీ నేలకు పడిపోయిన ఏడాది, వర్నెల్ మోకాలు చూపించుకోవడానికి ఆస్పత్రికి వెళ్లింది. అక్కడ పడున్న ఓడ ప్రయాణాల పుస్తకం చివరి పేజీలో, చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న మాటలు ఆమె కంటపడ్డాయి. ఆ ఓడల కంపెనీ షేర్లు వంద ఉన్నవాళ్లకు, వాళ్లు వెళ్లే ప్రతి ప్రయాణంలోనూ, ఓడ మీద ఖర్చు పెట్టుకోవడానికి వంద డాలర్లు ఇస్తారట. రెండు వారాల ప్రయాణమైతే రెండొందల యాభై.

మర్నాడే బ్రోకరు ఆఫీసుకు వెళ్లింది. ఇంటి పైకప్పు మార్పించడానికి దాచిన డబ్బు బల్ల మీద పెట్టింది.

"అమ్మా, ఇప్పుడు ఓడల షేర్లు కొనేవాళ్లెవరూ లేరండీ. ఇంకా పడిపోవచ్చు" అన్నాడు బ్రోకరు.

"పడితే పడనీ నాయనా. నేను అమ్మడానికి కొంటేగా! ఎక్కడానికి కొంటున్నా."

ఈ సంగతి తెలిసి మొజెల్ రీడ్ నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వింది. మొజెల్ స్కూలు క్యాంటీన్‌లో నలభై ఏళ్లు వండింది. వర్నెల్‌కు ప్రాణస్నేహితురాలు, ఆమెను ఏ మాటైనా అనగల ఏకైక మనిషి.

"వాన కురిస్తే గిన్నెలు పెట్టుకుని కూర్చుంటావు గానీ ఓడకి ఓనరువి అవుతావా? ఇంతకీ ఆ ఓడలో నీ వాటా ఎంత, ఒక ఇనుప మేకా?"

"మేకే అనుకో. నా మేకు లేకపోతే నీళ్లు లోపలికొస్తాయి. సంచి సర్దుకో, నువ్వూ వస్తున్నావు."

ప్రయాణానికి మూడు వారాల ముందు, షేర్లు తన పేరున ఉన్నట్టు చూపే కాగితం ఒకటి, వెళ్లబోయే ఓడ వివరాలు రాసిన ఉత్తరం ఒకటి కంపెనీకి పంపింది. కిటికీ లేని చవక గదిలో ఇద్దరూ బహామాస్, జమైకా చుట్టి వచ్చారు. అయిదో రోజు ఆ వంద డాలర్ల లెక్కలో, ఓడలో విడిగా డబ్బు కట్టి తినే పెద్ద భోజనశాలకు మొజెల్‌ను తీసుకెళ్లింది. తెల్లగుడ్డ పరిచిన బల్ల ముందు కూర్చున్న మొజెల్, వడ్డించే మనిషి పళ్లెం పెట్టగానే లేచి సాయం చెయ్యబోయింది.

"కూర్చోవే! ఇవాళ నీ చేతికి గరిటె తగిలితే సముద్రంలోకి తోసేస్తా" అంది వర్నెల్.

మొజెల్ కూర్చుంది. మాంసం ముక్క కోసి నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలింది. తర్వాత పళ్లెం కాస్త ముందుకు జరిపి, "బాబూ, ఇది ఇంకొంచెం కాలాలి" అంది. జీవితంలో మొదటిసారి ఇంకొకరి వంటకు వంక పెట్టిన ఆనందం ఆ ముఖంలో చూడాలిట. వర్నెల్ ఏడాదిపాటు దాని గురించే చెప్పింది.

ఆ వంద డాలర్లు చేతికిచ్చేవి కావు. దిగేలోపు వాడకపోతే పోయినట్టే. అందుకని వర్నెల్ ఏడాదికి రెండుసార్లు బయల్దేరేది, ప్రతిసారీ కొత్త మనిషిని వెంటబెట్టుకుని. పక్క రూటు డ్రైవరు, స్కూలు ఊడ్చిన ముసలమ్మ, స్కూలు ముందు పిల్లల్ని రోడ్డు దాటించిన ముసలాయన. ఓడలో ఒకరికి కాళ్లు పట్టించింది, ఒకరికి ఫొటో తీయించింది. వాళ్లలో కొందరు డబ్బు కూడబెట్టి తలా వంద షేర్లు కొన్నారు. నేనూ కొన్నాను. మా పార్కులో పేకాట బల్ల మీద ఇప్పుడు బేస్‌బాల్ బదులు షేర్ల ధరలు నలిగేవి.

ఆరేళ్ల తర్వాత వసంతంలో కంపెనీ నుంచి అందరికీ ఒక ఉత్తరం వచ్చింది. దీనివల్ల నష్టం వస్తోంది కాబట్టి ఇకమీదట ఈ సదుపాయం వెయ్యి షేర్లున్నవాళ్లకే ఇవ్వాలని ఆలోచిస్తున్నారట. మయామీలో వాటాదారుల వార్షిక సమావేశం ఉందని, రాదలచినవాళ్లు రావచ్చని కింద రాసి ఉంది.

"రాదలచినవాళ్లు రావచ్చన్నాడుగా, పోదాం పదండి" అంది వర్నెల్.

చర్చి వ్యాను అడిగి తెచ్చాం. స్టీరింగు ఆమెదే. షేర్లున్న తొమ్మిది మందిమి ఆదివారం బట్టల్లో బయల్దేరాం. వర్నెల్ ఊదారంగు టోపీ పెట్టింది. సమావేశం పెట్టిన హోటల్లో పెద్ద హాలు సగానికి పైగా ఖాళీగా ఉంది. ముందు వరసల్లో సూట్లవాళ్లు. వేదిక మీద ఛైర్మన్, సన్నగా పొడుగ్గా ఉన్న పెద్దమనిషి, లెక్కలన్నీ చదివి, ప్రశ్నలుంటే అడగమన్నాడు. వర్నెల్ మైకు దగ్గరకు వెళ్లింది.

"నా పేరు వర్నెల్ గేడ్సన్. వంద షేర్లు. మీరు మాకిచ్చే ఆ వంద డాలర్లు ఓడ దాటి బయటికొస్తాయాండీ?"

"రావండీ. ఓడలోనే ఖర్చు పెట్టాలి" అన్నాడు ఛైర్మన్.

"అంటే మీ కుడి జేబులోంచి తీసి ఎడమ జేబులో పెట్టుకుంటున్నారు. దాన్నే నష్టమంటున్నారు. సరే. మేం ఆ వంద దగ్గరే ఆగుతామా? మొన్న మొజెల్ ఓడలో బింగో ఆటలో పోగొట్టింది ఎంతో అడగండి."

"అడక్కండి!" అంది మొజెల్ నా పక్క నుంచి. హాలు గొల్లుమంది.

సమయం అయిపోయిందంటూ ఎవరో మైకు ఆపేశారు. వర్నెల్ దాన్ని పక్కకు జరిపింది. ఆ తర్వాత మాట్లాడింది మా డిపో వర్నెల్. చివరి వరసలో కునుకు తీస్తున్న ఆయన ఉలిక్కిపడి లేచాడు.

"ఆరేళ్లలో పదమూడు మందిని మీ ఓడ ఎక్కించా. ఒక్కరు కూడా అంతకుముందు ఎక్కినవాళ్లు కాదు. పదకొండు మంది తమంతట తాము మళ్లీ టికెట్లు కొన్నారు. అంతమందిని తేవడానికి మీ ప్రకటనలవాళ్లు ఎంత తీసుకుంటారు? నా భర్త ఇరవై ఆరేళ్లు మీ ప్రయాణికుల పెట్టెలు మోశాడు. ఆయన పేరు మీ పుస్తకాల్లో ఉండదు. నా పేరు ఉంది. వంద షేర్ల దగ్గర ఉంది. దాన్ని చెరపకండి."

మొదట చప్పట్లు కొట్టింది ముందు వరసలోని సూటు మనిషి ఒకడు. తర్వాత హాలంతా కొట్టింది. ఛైర్మన్ వేదిక దిగి వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఆ పదమూడు మంది లెక్క నాకు రాసి పంపగలరా?" అని అడిగాడు.

"రాసే తెచ్చా" అంటూ సంచిలోంచి కాగితం తీసిచ్చింది.

జూన్‌లో ఉత్తరం వచ్చింది. పాత పద్ధతే కొనసాగుతుంది, వంద షేర్లు చాలు అని. వర్నెల్ వీధిలోకొచ్చి ఉత్తరం పైకెత్తి పట్టుకుని పెద్దగా చదివింది. కుక్కలు మొరిగాయి. మొజెల్ వాకిట్లోనే నాలుగడుగులు నాట్యం చేసింది. ఆ రాత్రి పార్కంతా పీతలు ఉడకబెట్టుకుని తిన్నాం.

మరుసటి జనవరిలో తొమ్మిది మందిమీ పద్నాలుగు రోజుల ప్రయాణానికి పనామా కాలువ మీదుగా బయల్దేరాం. రెండొందల యాభై అందరికీ అందింది. కాలువ చేరిన పొద్దున వర్నెల్ అందరికంటే ముందు లేచి, ఖరీదైన కాఫీలు తొమ్మిది తెప్పించింది. ఓడ ముందుభాగంలో కమ్మీ దగ్గర నిలబడ్డాం. నీళ్లు నింపి ఓడల్ని పైకెత్తే ఇరుకు తొట్టెలోకి వచ్చాం, రెండు పక్కలా గోడలు చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా ఉన్నాయి. కిందనుంచి నీళ్లు నిండుతూ ఓడ మెల్లగా పైకి లేచింది. ఎదురుగా ఇనుప తలుపులు విడిపోయాయి. అవతల పచ్చటి కొండల మధ్య విశాలంగా చెరువు, దాని మీద ఎండ.

"వెళ్దాం పదండర్రా!" అని అరిచింది వర్నెల్. గోడ మీద పనిచేస్తున్నవాళ్లు తలెత్తి చూసి, తాళ్లు వదిలి చేతులూపారు.