కోచ్ అంగీ

శుక్రవారం వచ్చిందంటే మాలతి రెండు నీళ్ల సీసాలు చల్లబెట్టేది, ఆడే కొడుకు మారుతికొకటి, చూడబోయే పెనిమిటికొకటి. నిరుడు సైట్ల వడదెబ్బకు ఆయన పోయినంక ఒకటే సీసా. ఇప్పుడు గల్ఫ్‌ల ఈ మెసయీద్ కంపెనీ క్వార్టర్ కిటికీ కాడ కూసొని ఫుట్‌బాల్ టీము అంగీలకు కుట్లేస్తది. సూది పండ్ల నడుమ పట్టుకొని, గ్రౌండుల ఉన్న కోచ్ రత్నాకర్‌నే అనుమానంగ చూస్తది. అతను స్టోర్‌కీపర్, ఎన్నడూ బంతి తన్నలేదు. విజిల్ ఊదుడు కన్నా ఆటగాళ్ల మెడలు తడిమి చూసుడే ఎక్కువ.

మొన్న ఫైనల్ల మారుతిని సగం ఆటలనే కూసోబెట్టిండు. టీము ఓడింది. “అవతలోళ్లతోని కలిసిండు వదినా!” అనుకుంట కెప్టెన్ రాజేశం కోచ్ అంగీ తెచ్చి ఆమె ముంగట పడేసిండు. “కాలికి బంతి తగలనోడు హెడ్ కోచా? వెనుకున్న వాని పేరు అక్షరాలు ఊడదియ్యి. రేపు కొత్తాయనకు ఇయ్యాలె.”

“నాకూ మొదటికెళ్లి డౌటే,” అని మాలతి బ్లేడు తీసింది. “మావోన్ని ఎందుకు కూసోబెట్టిండట?”

“మెడ మీద చెమట లేదట! గదొక కారణమా? యల్లా, జల్ది కానియ్యి.”

మాలతి చెయ్యి ఆగింది. ఆ దినం ఆస్పత్రిల పెనిమిటి మెడ ముట్టుకుంటె నిప్పోలె కాలింది, ఒక్క చెమట చుక్క లేదు. గది మూలకు కూసున్న కొడుకు దిక్కు తిరిగింది. “ఫైనల్ల నీకు తల తిరిగిందారా?”

“తిరిగిందమ్మా,” అన్నడు మారుతి, తల వంచుకొని. “చెప్తే ఆడనియ్యరని...”

ఆమె బ్లేడు డబ్బాల పెట్టి మూతేసింది. అంగీని అక్షరాలు పైకి కనబడేటట్టు మడిచి రాజేశం చేతిల పెట్టింది. ఒక్క కుట్టు గూడ ఊడదియ్యలే.