కొనని చేను

మా ఇంట్లో ఒక వస్తువు నచ్చిందంటే ముందు దానికి వంక పెట్టాలి. తాండూరు బజారులో పుట్టి, కందిపప్పు బస్తాల మీద మధ్యాహ్నం కునుకు తీస్తూ పెరిగినవాళ్ళకు ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు. దుకాణానికి వచ్చినవాడు పప్పు బాగుందని మెచ్చుకుంటే మా నాన్న తల కూడా ఎత్తేవాడు కాదు. గుప్పెడు తీసి, పొట్టు ఊది, "గిది పాత పప్పు గదా సేటూ" అని మొహం చిట్లించినవాడికి మాత్రం స్టూలు జరిపి చాయ్ చెప్పేవాడు. కొనేది వాడేనని ఆయనకు తెలుసు. నేనూ అలాగే తయారయ్యాను. పెళ్ళిచూపులకు వెళ్ళి, పిల్ల నచ్చిందని మొహంలో కనబడకూడదని ఉప్మాకు వంక పెట్టాను. మా ఆవిడ ఆ సంగతి నిన్న కూడా గుర్తు చేసింది.

పిట్టల పిచ్చి నాకు ఆలస్యంగా పట్టింది. షుగరు ఉంది, నడవమన్నాడు డాక్టరు. తాండూరులో నడిస్తే అడుగడుక్కీ ఎవరో ఒకరు పప్పు ధర అడుగుతారు. అందుకని వారానికొక పొద్దు రైలెక్కి ధారూర్‌లో దిగి, చెరువు కట్ట మీద నడవడం మొదలుపెట్టాను. చలికాలం. మంచు విడుతుంటే నీళ్ళ మధ్య బాతుల గుంపు కనిపించింది. తెల్లటి తలలు, తల వెనక నల్లటి అడ్డగీతలు. ఒకటి మెడ ఎత్తి నా వైపు చూసింది. ధర అడిగినట్టు కాదు, ఊరికే చూసింది. నా దగ్గర ఏమీ ఆశించకుండా నన్ను చూసిన ప్రాణి అంతకుముందు ఎదురుపడిన గుర్తు లేదు.

హైదరాబాద్‌లో పాత సామాన్ల అంగట్లో దుర్భిణి కొన్నాను. ఒక కంట్లో బూజు ఉందని వంక పెట్టి ధర దించాను. బూజు నిజంగానే ఉంది. ఈనాటికీ ఒంటికన్నుతోనే చూస్తున్నాను.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. "పొద్దుగాల్నే యాడికి అన్నా?" అని తమ్ముడు అడిగితే "వికారాబాద్‌ల పార్టీని కలవాలె" అనేవాణ్ణి. యాభై దాటిన సేటు గల్లా వదిలి పిట్టల్ని చూడబోయాడంటే బజారు నవ్వుతుంది. నవ్వినా ఫరవాలేదు, జాలిపడుతుంది. ఆ జాలి నాకు అక్కర్లేదు.

పిట్టలతో మాత్రం నా బజారు బుద్ధి బాగా పనికొచ్చింది. వాటిని చూడాలంటే చూడనట్టు ఉండాలి. బుడుంగున మునిగిన పిట్ట ఎక్కడ తేలుతుందో వెతక్కుండా పక్కకు తిరిగి నిలబడితే, దగ్గరలోనే తేలుతుంది. మోదుగలు పూసే రోజుల్లో అడవి అంచుకు వెళ్ళి, ఒక చెట్టు కింద కూర్చుని, ఇక్కడ నాకేం పని లేదన్నట్టు చెప్పులు దులుపుకునేవాణ్ణి. గోరింకలు, చిలుకలు, నల్లటి ఏట్రింతలు నా నెత్తి మీదే పూల కోసం కొట్లాడుకునేవి. అనంతగిరి కొండలు ఎండకు రంగు మారేదాకా అలాగే గడిచింది.

ధారూర్ స్టేషన్ బయట చాయ్ హోటలాయన ఒకరోజు అడిగాడు. "ఏం సేటూ, వారం వారం చెరువు కాడికి పోతున్నవ్. భూమి చూస్తున్నవా?"

పిట్టల్ని చూస్తున్నానని అంటే సరిపోయేది. పక్క బల్ల మీద నలుగురు కూర్చున్నారు. నా నోరు దాని పని అది చేసింది.

"ఏం భూములయ్యా మీకాడ? అంత రాళ్ళే."

ఆయన గ్లాసు కడిగి మరో చాయ్ పోశాడు. డబ్బు తీసుకోలేదు. మా నాన్న స్టూలు జరిపినట్టే జరిపాడు. నాకు అర్థం కాలేదని ఎవరితోనైనా అనగలను గాని, నాతో నేను అనలేను. భూమి చూడవచ్చిన సేటు అనిపించుకోవడం హాయిగానే ఉంది.

ఎండలు ముదిరాక చెరువు వెనక్కి పోయి, బురద పర్రె బయటపడింది. పొడుగుకాళ్ళ పిట్టలు ఆ బురదలో ముక్కులతో పొడుచుకుంటుంటే, వాటి మధ్యనే గొర్రెలు మేసేవి. ఆ గొర్రెలు ఒక ముసలి జంటవి. చెరువుకూ అడవికీ మధ్య వాళ్ళకు ఒక చెలక, వానను నమ్ముకున్న మెట్ట చేను, ఉంది. కంది పండిస్తారు. పప్పు తమకు, పొట్టు గొర్రెలకు. ఒకరోజు ఆ ముసలాయన నా కోసం చెంబుతో మజ్జిగ తెచ్చాడు. చెలక హద్దులన్నీ తిప్పి చూపించాడు. పక్కన ఆయన భార్య, కొంగు నెత్తి మీదికి లాక్కుని, నా మొహమే చూస్తోంది.

దుర్భిణి మెడలో వేలాడుతోంది. ఇది దేనికో చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. వంగి మట్టి తీసి, అరచేతిలో నలిపాను.

"జర చౌడున్నట్టుంది పెద్దాయనా."

ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ కళ్ళలో సంతోషం నాకు కనబడింది.

తొలకరి పడింది. చుట్టుపక్కల చెలకలన్నీ దున్నారు, విత్తారు. అడవిలో నెమళ్ళు అరుస్తుంటే చినుకుల్లో గొడుగు పట్టుకుని తిరిగాను. ఆ ఒక్క చెలక మాత్రం బీడుగా ఉండిపోయింది. అందులో తీతువుల జంట గుడ్లు పెట్టింది. తీతువు గూడంటూ కట్టదు. గులకరాళ్ళ మధ్య గుడ్లు పెట్టి, అవీ రాళ్ళే అన్నట్టు వదిలేస్తుంది. ఎవరైనా దగ్గరికొస్తే దూరంగా పరుగెత్తి, అసలు సరుకు అక్కడే ఉన్నట్టు గోల చేస్తుంది. మా బజారులో పుట్టాల్సిన పిట్ట. దాని కూత మంచిది కాదంటారు గాని, నాకు అంత ముద్దొచ్చిన పిట్ట ఇంకొకటి లేదు. పనులు మానుకుని వారానికి రెండుసార్లు వెళ్ళాను. ఈ ఏడు బీడు పెట్టడం ఎంత మంచిదైంది అని, నిజంగా, ఆ మాటలతోనే అనుకున్నాను.

ఆషాఢం చివర్లో ముసలామె కట్ట మీదికి వచ్చింది. వర్షానికి తడిసిన గొంగడి తల మీద ఉంది.

"సేటూ, ఎప్పుడు మాట్లాడుతవ్? అదును పోతున్నది."

"ఏం మాట్లాడాలె అవ్వా?"

"చెలక గురించే. నువ్వు తీసుకుంటవని ఇత్తనం ఏయలే. ఏసినంక బేరమైతే పంట ఎవ్వలిదని లొల్లి గాదూ? మా ముసలోడు నాగలి గూడ పట్టలే. నువ్వు పైసలిస్తే నాలుగు గొర్లు ఎక్కువ కొందుమనుకున్నం."

"నేను కొంటనని ఎన్నడన్న అన్ననా అవ్వా?"

"హోటల్ కాడ రాళ్ళున్నయ్ అంటివి, మా కాడ చౌడుంది అంటివి. కొననోడు వంకలెందుకు పెడతడు?"

మా దుకాణం సూత్రం, చెరువు కట్ట మీద, ఆమె నోట. అప్పుడు చెప్పాను. చెప్పడానికి నాకు కట్ట తెగినంత పనైంది.

"అవ్వా, నేను భూమి చూడనీకి రాలే. పిట్టల్ని చూడనీకి వస్తున్న."

ఆమె నవ్వింది. పళ్ళు లేని నోటితో, కడుపారా నవ్వింది. "ధర దించనీకి గిట్ల గూడ అంటరా సేటూ? మస్తు షాణవున్నవ్!"

నా నిజం కూడా బేరంలా వినబడుతోంది. వంక పెట్టినా నమ్మారు, నిజం చెబితే నమ్మడం లేదు. దుర్భిణి తీసి ఆమె చేతికిచ్చి, బాగున్న కన్ను ఏదో చూపించి, చెలకలో ఆ మూలకు తిప్పాను.

"అగో, గా రాళ్ళ కాడ తీతువు కూసున్నది. గుడ్లున్నయ్. గీ నెలంత దానికోసమే వచ్చిన."

"గుడ్లున్నయని నాకు ఎరుకే" అంది. అయినా చూసింది. చాలాసేపు చూసింది. దుర్భిణి దించేసరికి నవ్వు లేదు.

"పిట్ట కోసమా?"

"అవును."

"మరి గా మాట అప్పుడే అంటే నీదేం పోయేది బిడ్డా?"

సేటును కాస్తా బిడ్డనయ్యాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ట్రాక్టరు పెట్టియ్యి అవ్వా, రేపే. కిరాయిల సగం నేనిస్త" అన్నాను.

సగం. అలాంటి సమయంలో కూడా నా నోటికి సగం దగ్గరే మొదలుపెట్టాలనిపించింది. చెవులు కాలిపోయి, "మొత్తం నేనే ఇస్త" అన్నాను. అప్పటికే ఆమె దుర్భిణి నా చేతిలో పెట్టి కట్ట దిగుతోంది.

"నీ పైసలొద్దు. అదునుంటే తెచ్చియ్యి."

మర్నాడు నేను వెళ్ళేసరికి ట్రాక్టరు చెలకలో ఉంది. ముసలాయన గట్టు మీద విత్తనాల సంచీతో నిలబడ్డాడు. నన్ను చూసి తల ఊపాడు, అంతే. ట్రాక్టరు ఒక్కొక్క సాలూ తిరుగుతూ ఆ మూలకు జరుగుతోంది. తీతువులు రెండూ దాని మీద గిరికీలు కొడుతూ అరుస్తున్నాయి. ఒక్క మాట అడిగితే చాలు, ఆ కాస్త జాగా వదిలేసేవాళ్ళేమో. జీవితమంతా అడగడమే నా పని. పెదవి దాకా వచ్చింది. గట్టు మీద ముసలామె నా వైపు తిరిగి చూసింది, ఏమంటావో అను అన్నట్టు. అదును పోగొట్టినవాడు జాగా అడగడం నా వల్ల కాలేదు. తల తిప్పుకున్నాను. ట్రాక్టరు శబ్దం మారలేదు గాని, పిట్టల అరుపు మారింది.

ఇప్పుడు చాయ్ హోటలు దగ్గర అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ పిట్టల కోసం వచ్చానని చెబుతున్నాను. నవ్వుతున్నారు. ఇంట్లో కూడా చెప్పాను. "వికారాబాద్ పార్టీకి రెక్కలున్నయా అన్నా?" అని తమ్ముడు బజారంతా చెప్పుకున్నాడు. నేను పడిన భయమంతా ఇంతేనా అనిపించింది. ఇంతే. ఇంత చిన్నదానికి ఆ ముసలివాళ్ళ చేత అదునుతో ధర కట్టించాను.

కట్ట ఎక్కగానే కన్ను నీళ్ళ మీదికి పోవడం లేదు. ముందు చెలక వైపు తిరుగుతోంది. పక్క చేలల్లో కంది మోకాలు దాటి గుబురు కట్టింది. వాళ్ళది ఇంకా జానెడు కూడా లేదు, సాళ్ళ మధ్య ఎర్రమట్టి కనిపిస్తూనే ఉంది. ముసలామె వంగి కలుపు తీస్తోంది. ఒంటికన్ను దుర్భిణిలో ఆమె వీపు, ఆ చిన్న మొక్కలు, అన్నీ దగ్గరగా కనిపిస్తాయి. నేను వచ్చానని ఆమెకు తెలుసు. తల ఎత్తదు.