ఎడం చేతి జాయ్‌స్టిక్

గోపాలకృష్ణమూర్తి మాస్టారు లెక్కలు ఎంత బాగా చెప్పేవారో, బెత్తం అంత బాగా వాడేవారు. ఇంట్లో ఆ బెత్తం దెబ్బలు ఎక్కువగా తిన్నది ఆయన కూతురు హైమ ఎడం చెయ్యి. పిల్ల ఎడం చేత్తో పలక మీద దిద్దినా, ఎడం చేత్తో ముద్ద ఎత్తినా వేళ్ళ కణుపుల మీద పడేది. చివరికి కుడి చేత్తో రాయడం నేర్చుకుంది. ఆ రాత కోడి కెలికినట్టుండేది. టెన్త్‌లో టైము చాలక సగం పేపరు తెల్లగా ఇచ్చి వచ్చిన రోజున కూడా మాస్టారు, మార్కులు పోతే పోయాయి, పిల్ల పద్ధతిగా పెరిగిందని చెప్పుకున్నారు. ఆ పద్ధతి హైమ ఇప్పటిదాకా మోస్తూనే ఉంది. ఎడం చేత్తో బీరకాయ తరగాలన్నా వంటింటి తలుపు దగ్గరగా వేసుకుంటుంది.

రెండువేల నాలుగులో మాస్టారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. తల్లి ఎప్పుడో పోయింది కనక, హైమ మొగుణ్ణి తునిలో ఉద్యోగం దగ్గరే ఉంచి, ఏడేళ్ళ కూతురు సంహితతో రాజమండ్రి వచ్చేసింది. సంహితదీ ఎడం చేతి వాటమే. ఈ పిల్ల చేతి జోలికి మాత్రం ఎవర్నీ రానివ్వనని హైమ తనలో తాను ఒట్టేసుకుంది. చెయ్యి పడిపోయిన మనిషి ఇంకేం చేస్తారులే అనుకుంది. నోరు పడిపోలేదన్న సంగతి మరిచిపోయింది.

మాస్టారు ఎడం చేత్తో తినరు. హైమే కలిపి నోట్లో పెట్టాలి. బాగున్న చేతిని కూడా పద్ధతి పేరు చెప్పి పక్కన పడేశారు. దానికి ఏదో ఒక పని చెప్పకపోతే అదీ మొద్దుబారిపోతుందని వ్యాయామం చేయించే అతను రోజూ మొత్తుకునేవాడు.

ఆ పని టీవీలో దొరికింది. హైమ భర్త కూతురికి కొనిపెట్టిన ప్లేస్టేషన్‌లో విమానం నడిపే ఆట ఒకటుంది. కుర్రతనంలో మాస్టారు వైమానిక దళానికి అర్జీ పెట్టుకుంటే తల్లి ఏడ్చి ఆపేసిందట. ఇప్పుడు మనవరాలు విమానం కూల్చేసినప్పుడల్లా, ముక్కు పైకెత్తవే అని గదమాయించేవారు. అయితే ఆ ఆట ప్యాడ్ రెండు చేతులా పట్టుకోవాలి. ఒక్క చేత్తో నడపాలంటే కర్రలా నిలబడే జాయ్‌స్టిక్ కావాలి. ఎడం చెయ్యి మంచిదని ఆయన నోటితో ఒప్పుకోనక్కర్లేదు, ఆ చేత్తో ఒక్కసారి విమానం నడిపితే చాలు, ఇంక పిల్ల చేతిని ఏ మొహంతో అంటారని హైమ ఆశ.

మెయిన్ రోడ్డులో వీడియో గేములు అమ్మే తాతాజీ షాపుకి వెళ్ళింది. చవగ్గా ఉందని ముందు ఒకటి తీస్తే, అది కంప్యూటర్‌కేనని, ఇంట్లో ఉన్న ప్లేస్టేషన్ మెషీన్‌కి పెడితే కదలదని తాతాజీయే చెప్పాడు. ఆ మాట సరుకు అమ్మేశాక చెప్పేవాళ్ళే ఎక్కువ. రెండోది మెషీన్‌కి పనికొస్తుంది, దీపాలు కూడా వెలుగుతాయి, కానీ పిడి కుడి అరచేతికి అచ్చు పోసినట్టుంది. హైమ ఎడం చేత్తో పట్టుకుంటే బొత్తాలు వేలికి అందలేదు.

"అదేంటండీ, ఆ చేత్తో పట్టుకున్నారు? అందరూ కుడి చేత్తోనే ఆడతారండి."

"అందరి సంగతీ మా నాన్నగారు చూసుకున్నారులెండి. ఎడం చేతికి ఏముందో అది చూపించండి," అంది హైమ.

మూడోది ఎవరో వాడి ఇచ్చేసిన పాతది. పిడి నిటారుగా, ఏ చేతికైనా ఒకేలా ఉంది. బొత్తాల మీద రంగు పోయింది, అడుగున అంటుకునే రబ్బరు గిన్నెలు నాలుగింట్లో ఒకటి లేదు. ధర కొత్తదాంట్లో మూడో వంతు. హైమ షాపులోనే టీవీకి పెట్టించి, చెయ్యి వదిలేస్తే కర్ర మధ్యకి వస్తోందా, విమానం తనంతట తాను పక్కకి ఒరిగిపోతోందా అని పదిసార్లు చూసుకుని మరీ కొంది.

ఇంటికొచ్చి పీట తడిచేసి దాని మీద అంటించింది. మాస్టారు రెండు రోజులు మొహం తిప్పుకున్నారు. మూడో రోజు ఎడం చెయ్యి మెల్లిగా దాని మీద పడింది. వారం తిరిగేసరికి పొద్దున్న కాఫీ కూడా అక్కడికే పట్టుకెళ్ళాల్సి వచ్చింది. వేగం పెంచే చిన్న మీట కర్ర మొదట్లో ఉంటుంది. అది పక్కన కూర్చుని సంహిత జరిపేది. తాతా మనవరాలూ కలిసి సముద్రాలు దాటేవారు. చూసి చూసి హైమ గెలిచాననుకుంది. వంటింటి తలుపు బార్లా తీసిపెట్టి కూర తరిగింది.

ఓ ఆదివారం విమానం దిగబోతోంది. సంహిత మీట కోసం ఎడం చెయ్యి చాపింది. మాస్టారు కర్ర వదిలేసి, ఆ ఎడం చేత్తోనే పిల్ల చేతి మీద చెళ్ళున కొట్టారు.

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు? కుడి చెయ్యి లేదూ?"

హైమ వచ్చేసరికి తెర మీద విమానం తగలబడుతోంది. పిల్ల ఏడవడం లేదు. ఎడం చెయ్యి గౌను కింద దాచేసుకుంది. అంత తొందరగా దాచుకోవడం ఒక్క దెబ్బతో రాదని హైమకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

హైమ పీటతో సహా కర్ర ఎత్తి కూతురి ఒళ్ళో పెట్టి, ఆ దాచుకున్న చెయ్యి బయటికి తీసి దాని మీద వేసింది. ఆడుకోమంది. ఆట మళ్ళీ మొదలైంది.  మాస్టారి ఎడం చెయ్యి మోకాలి మీద ఊరికే కదులుతోంది.

"ఇటివ్వవే ఒకసారి. దింపి చూపిస్తాను," అంటూ ఆ చెయ్యి చాపారు.

"కుడి చేత్తో పుచ్చుకోండి నాన్నగారూ. ఇస్తుంది," అంది హైమ.

కన్న తండ్రిని ఇంత మాట అనొచ్చా అంటారు ఊళ్ళోవాళ్ళు. దెబ్బలు తిన్న చెయ్యి వాళ్ళది కాదుగా. మాస్టారు చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. కుడి చేతి వంక చూసుకున్నారు. అది తడి తుండుగుడ్డలా ఒళ్ళో పడి ఉంది.

సంహిత తాతగారి మొహం చూసింది, అమ్మ మొహం చూసింది. ఎవరూ చెప్పకుండానే కర్ర మీద నుంచి ఎడం చెయ్యి తీసేసి, కుడి చెయ్యి వేసింది.