సర్టిఫికెట్టు వాపసు ఇవ్వబోయిన ఎస్తేరమ్మ

ఎస్తేరమ్మ సిస్టర్ కన్నుమూశారని ఆదివారం మధ్యాహ్నం ఫోను వచ్చినప్పుడు నేను రేగడిదొడ్డి బస్టాండు హోటల్లో కూర్చుని, జూరాల వెనుక నీళ్లలో మా మామ పట్టిన చేప తల కర్ణాటకలోనూ తోక గద్వాలలోనూ ఉన్న వైనం వర్ణిస్తున్నాను. ఫోను జేబులో పెట్టుకుని, "సిస్టరక్క పోయింది" అన్నాను. ఎవరూ కదలలేదు. "ఒక్క చేప సాలలేదా? ఇగ సిస్టరమ్మను గూడ సంపుతున్నవా?" అన్నాడు హోటల్ బాలయ్య చాయ్ వడగడుతూ. పాతికేళ్లుగా నేను ఆర్జించిన కీర్తి అది. నా ముఖం పరకాయించి చూశాకే అతని చేతిలోని జల్లెడ ఆగింది. ఆమె మరణవార్తను నమ్మించడానికి నేను ఒట్టు వేయవలసి వచ్చింది.

ప్రార్థన ముగించుకుని ఇంటికి వచ్చి, అన్నం ముందు కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయారట. చిరకాలంగా వేధిస్తున్న రక్తపోటు మెదడులో నరాన్ని చిట్లించింది. ఇటువంటి సందర్భాల్లో పిడుగుపాటు అని రాయడం ఆచారం. పిడుగు క్షణకాలమైనా వెలుగునిస్తుంది. ఈ వార్తలో ఆపాటి వెలుగు కూడా లేదు. మా ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆమె స్టాఫ్ నర్సు, నేను మందులిచ్చే ఫార్మసిస్టును. పదిహేనేళ్లు పక్కపక్క గదుల్లో పనిచేశాం. "మా అక్క గురించి నాలుగు మాటలు రాయండ్రి సార్, జర కలపకుండ రాయండ్రి" అని ఆమె తమ్ముడు కోరాడు. కలపకుండా రాయడం నాకు అలవాటు లేని విద్య. ప్రయత్నిస్తాను.

ఎస్తేరమ్మ ఏ ఊళ్లో పుట్టారో ఆమెకే తెలియదు. తల్లిదండ్రులు మేస్త్రీ వెంట కాలువ పనులకు వలస వెళ్లినప్పుడు, మట్టికుప్పల నడుమ వేసుకున్న గుడిసెలో జన్మించారు. నెత్తిమీది తట్ట దించి లోపలికి వెళ్లిన తల్లి ఒడిలో బిడ్డతో బయటికి వచ్చిందట. మూడో కాన్పు కూడా అటువంటి గుడిసెలోనే జరిగింది. ఆసారి తల్లి బయటికి రాలేదు. "మా అమ్మకు అప్పుడు కావలసింది పెద్ద డాక్టర్ గాదు తమ్మీ. చెయ్యి పట్టుకునే మనిషి ఒకరు, ఇన్ని వేడినీళ్లు, ఒక సాపు బట్ట. గంతే" అనేవారు. ఆమె వృత్తిధర్మం యావత్తూ ఆ మాటలోనే ఇమిడి ఉంది. అచ్చంపేట అవతల అడవి అంచున, ఆపైన వనపర్తి వైపు పల్లెల్లో, చివరికి మా దగ్గర, ఎక్కడ పనిచేసినా ఆమె ప్రభుత్వాన్ని కోరింది సక్రమమైన కాన్పుల గది ఒక్కటే.

ఆమె హస్తవాసిని గురించి నేను లోకంలోకి వదిలిన కథ ఒకటుంది. నల్లమల దాపున ఒక గర్భిణికి ఎంతకీ కాన్పు కాకపోతే ఎస్తేరమ్మ ఆమె కడుపు దగ్గర వంగి, "బయటికొస్తవా, మీ నాయనమ్మను లోపలికి తోలాల్నా?" అన్నారనీ, బిడ్డ జడిసి ఒక్క ఉదుటున భూమ్మీద పడిందనీ. ఆ కథ నాకంటే ముందే సోమశిల రేవు దాకా చేరింది. ఒకనాడు ఒక అత్తగారు నేరుగా ఆమెనే అడిగింది: "సిస్టరమ్మా, మా కోడలి కడుపులున్నదానికి గూడ జర ఆ మాట చెప్పు." ఎస్తేరమ్మ నా గది వైపు ఒక చూపు విసిరి, "చెప్త గని అవ్వా, ముందు నువ్వు పోయి బయట కూసో. నీ గొంతు ఇనే అది లోపల ఆగింది" అన్నారు. గది ఖాళీ అయింది. నా అబద్ధాన్ని ఖండించకుండా దానిచేతనే తన పని చేయించుకున్న ప్రజ్ఞాశాలి ఆమె.

ప్రభుత్వ పత్రాలు పూరించడంలో ఆమెది ప్రత్యేక సంప్రదాయం. లేని వస్తువు ఎదుట మేమందరం ఒక గీత గీసి వదిలేవాళ్లం. ఆమె మాత్రం "లేదు" అని గుండ్రటి అక్షరాలతో రాసేవారు; పుటలో ఎన్నిసార్లు రావలసివస్తే అన్నిసార్లు. "గీత గీస్తె మర్శిపోయిన్రు అనుకుంటరు తమ్మీ. లేదు అని రాస్తె సదివెటోనికి జర సిగ్గయితది." ఎవరికైనా సిగ్గు కలిగిన దాఖలా నేనెరుగను. "ఈ సిస్టర్ పంపేది రిపోర్టా, శోకాలా?" అని ఒక అధికారి సమీక్షలో విసుక్కున్నాడు. ఆమె మరుసటి నెల కూడా అలాగే రాశారు.

అటువంటి మనిషి చేత ఒక్కసారి అబద్ధమాడించిన పాపం నాది. అది చెప్పకపోతే ఈ వ్యాసమే అబద్ధమవుతుంది.

ఆ రోజుల్లో పైనుంచి ఒక సంస్కరణ దిగింది. ఆరోగ్య కేంద్రాలను తనిఖీ చేసి మార్కులు వేస్తారు. మంచి మార్కులు వచ్చినవాటికి నాణ్యతా సర్టిఫికెట్టు, దాని వెంట నిధులు. లేనివారిని విడిచి ఉన్నవారికే పెట్టే ఆ ధర్మం అప్పట్లో నాకు వింతగా తోచలేదు. మా కాన్పుల గది పైకప్పు పెచ్చులూడి మంచాల మీద పడుతోంది. రెండో సిస్టర్ కావాలని ఏళ్లుగా అర్జీలు పెడుతున్నాం. సర్టిఫికెట్టు వస్తే ఆ రెండూ తీరుతాయని కొత్తగా వచ్చిన మా డాక్టరు ఆశపడ్డాడు. ఉపాయం నేను చెప్పాను.

పెళ్లిచూపులకు పక్కింటి నగలు తెచ్చి పెట్టడం మనకు తెలియని పని కాదు. పక్క మండలం దవాఖాన నుంచి పసిబిడ్డలను వెచ్చగా ఉంచే యంత్రాన్ని, ఆక్సిజన్ సిలిండరును, కిటికీలకు పచ్చటి తెరలను, వాటితోపాటు ఒక సిస్టర్‌ను కూడా ఒక్కపూటకు అరువు తెచ్చాను. ట్రాలీ ఆటోలో యంత్రం ఒరిగిపోకుండా ఆ సిస్టరే పట్టుకుని వచ్చింది. ఇందులో నా కల్పన లేశమైనా లేదు.

"ఏంది తమ్మీ, దవాఖానకు పెండ్లి చేస్తున్నవా?" అన్నారు ఎస్తేరమ్మ గుమ్మంలో నిలబడి.

"ఒక్క పూట అక్కా. మార్కులు పడంగనే ఎవరియి వాళ్లకు వాపస్."

"ఉన్నదని రాసుకుంటె రేపు ఎవడిస్తడు?"

"సర్టిఫికెట్ ఇప్పిస్తది. నీ పైకప్పు గూడ అదే ఏయిస్తది."

ఆమె తలెత్తి పైకప్పు చూశారు.

తనిఖీ బృందం వచ్చింది. రోజూ ఇద్దరు సిస్టర్లు ఉంటారా అని అడిగారు. నేను అందుకుని, ఇద్దరూ కుడి చెయ్యి, ఎడమ చెయ్యి లాంటివారనీ, ఒకరికి తుమ్ము వస్తే రెండోవారు రుమాలు తీస్తారనీ గడగడా చెప్పేశాను. నవ్వారు. ఆ నవ్వుతోనే ఎస్తేరమ్మ వైపు తిరిగి, "అంతేనా అమ్మా?" అన్నారు. ఆమె ఇంకోసారి పైకప్పు చూసి, తల ఊపారు. నా ఎరుకలో ఆమె ఆడిన అసత్యం ఆ ఒక్క తల ఊపు.

సర్టిఫికెట్టు వచ్చింది. నిధులూ కొన్ని వచ్చాయి. ఏ పద్దు కింద వచ్చినవి ఆ పద్దుకే ఖర్చు చేయాలన్నారు. గోడల రంగుకు పద్దు ఉంది. కొత్త బోర్డుకు ఉంది. పైకప్పుకు లేదు. రెండో సిస్టర్ కోసం పెట్టిన అర్జీకి మాత్రం మొట్టమొదటిసారి జవాబు వచ్చింది: తనిఖీ నివేదికను అనుసరించి మీ కేంద్రంలో ఇద్దరు స్టాఫ్ నర్సులు పనిచేస్తున్నారు, కొరత లేదు. యంత్రం కోసం రాస్తే అదే సమాధానం. ఏళ్ల తరబడి ఆమె "లేదు" అని రాసినదంతా ఒక్క పూటలో "ఉంది" అయిపోయింది.

ఒంటి మనిషి ఎన్నాళ్లని మోయగలదు? ఆమెకు రక్తపోటు ముదిరింది, సెలవులు పెరిగాయి, కాన్పులు తగ్గాయి. ఇద్దరు సిస్టర్లుండీ కాన్పులు తగ్గాయంటే ఆ గదితో ప్రజలకు అవసరమే లేదని పైవారు గ్రహించారు. కాన్పులు తక్కువగా జరిగే గదులను మూసి, పెద్దాసుపత్రులతో విలీనం చేయమని ఉత్తర్వు వచ్చింది. తాళం వేసిన రోజు ఆమె, "నీ నోటికి నా తల తోడైంది తమ్మీ. తప్పు ఇద్దరిది" అన్నారు. తన వాటా తాను తీసుకున్నారు, నాది నాకు వదిలారు.

ఆ వానాకాలంలో ఒకనాడు పత్తిచేను నుంచి ఒక కూలి ఆడమనిషిని నొప్పులతో ఆటోలో తీసుకువచ్చారు. ఎస్తేరమ్మ మీటింగుకు గద్వాల వెళ్లి ఉన్నారు, డాక్టరు సెలవులో ఉన్నాడు. గదికి తాళం. ఆటోను గద్వాలకే పొమ్మన్నాను. మల్దకల్ చేరకముందే దారిపక్కన కాన్పయింది. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

సాయంత్రం ఎస్తేరమ్మ ఆ సంగతి విన్నారు. మరునాడు ఒక కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టారు. మా కేంద్రానికి ఇచ్చిన సర్టిఫికెట్టు తప్పుడు సాక్ష్యం మీద వచ్చినదనీ, వాపసు తీసుకుని, లేనివాటిని లేవని నమోదు చేయవలసిందనీ అందులో ఉంది. కింద ఆమె సంతకం, పక్కన ఖాళీ.

"నువ్వు గూడ ఒకటి పెట్టు తమ్మీ. అరువు తెచ్చినోనివి నువ్వే గద."

"నౌకరీ పోతది అక్కా. బిడ్డ ఇంకా సదువుకుంటుంది."

"నాది పోదా?"

"నీకు రిటైర్మెంట్ దగ్గరికొచ్చె."

ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నారు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే కొంత భారం దిగేది.

గద్వాల జిల్లా ఆఫీసులో జరిగినది ఆమే నాకు నవ్వుతూ వినిపించారు.

"సర్టిఫికెట్ కావాలని కాళ్లు మొక్కెటోళ్లను చూసినం గని అమ్మా, వాపస్ తీస్కోమనెటామెను సూడలే" అన్నాడట అక్కడి గుమస్తా.

"ఇప్పుడు సూస్తున్నరు గద సార్."

"ఇచ్చెటందుకు ఫారం ఉన్నది. వాపస్ తీస్కునెటందుకు లేదు."

"తెల్లకాగితం మీద రాసుకొచ్చిన."

"నీ ఒక్కదాని సంతకంతోని నేనేం జేయాలె? ఇంకొక్క సాక్షి ఉంటె పైకి పంపుత."

ఈ చివరి మాట చెప్పేటప్పుడు ఆమె నా వైపు చూడలేదు. ఆ తరువాత నెలకోసారి ఆఫీసుకు వెళ్లి అడుగుతూనే ఉన్నారు. నన్ను మాత్రం మళ్లీ అడగలేదు.

అంత్యక్రియలకు ఆమె చేతుల మీద పుట్టినవారు, వారిని కన్న తల్లులు చుట్టుపక్కల ఊళ్ల నుంచి తరలివచ్చారు. నాలుగో రోజున, దవాఖాన కాగితాలున్నాయంటూ ఆమె తమ్ముడు తెచ్చి ఇచ్చిన సంచిలో ఆ కాగితపు ప్రతి కనిపించింది. ఖాళీలో నా సంతకం పెట్టి గద్వాల బస్సెక్కాను.

గుమస్తా ఆమెను మరిచిపోలేదు. "సిస్టరమ్మ రాలేదా?" అన్నాడు.

"చనిపోయింది."

అతను కలం కింద పెట్టాడు. "మంచి మనిషి. గని సార్, దరఖాస్తు పెట్టినామెనే లేకపాయె. సాక్షితోని ఫైల్ ఎట్ల నడుస్తది?"

"నా పేరు మీద కొత్తది పెడ్త."

"పెడితె పెట్టుండ్రి. తనిఖీ చేసినోళ్లు బదిలీ అయిన్రు, ఆ స్కీమ్ గూడ బందయింది. ఎవరికి పంపాల్నో నాకు గూడ తెల్వదు." అంటూనే జాలిపడి, కంప్యూటరు నా వైపు తిప్పి చూపాడు. రేగడిదొడ్డి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. స్టాఫ్ నర్సులు: ఇద్దరు. కొరత లేదు.

మహనీయులు గతించినప్పుడు వారి లోటు పూడ్చలేనిదని రాస్తారు. ఎస్తేరమ్మ విషయంలో అది అలంకారం కాదు. ఆ లోటు ఎక్కడా నమోదు కాలేదు కనుక పూడ్చవలసిన పని ఎవరికీ లేదు. ఇప్పుడు ఆమె కుర్చీలో ఎవరూ లేరు. నొప్పులతో వచ్చినవారిని నేనే గద్వాల దారి పట్టిస్తున్నాను. ఆ దారిలో వెళ్లే ప్రతి ఆటోనూ కనుమరుగయ్యేదాకా చూస్తున్నాను. అంతకు మించి నా చేతనైనది లేదు.

అక్కా, చేతులెత్తి మొక్కుతున్నాను. సంతకం పెట్టాను. ఆలస్యంగా పెట్టాను.