దోర్కా టీచర్ రాసిన చార్టు

దోర్కా టీచర్ నాచారంలో ఒక చిన్న ప్రైవేటు బడిలో తొమ్మిదేళ్లు రెండో తరగతికి లెక్కలు చెప్పింది. ఈ ఏడాది నిరుటి పిల్లలతోపాటే ఆమెనూ మూడో తరగతికి మార్చారు. చెంగిచెర్ల నుంచి వచ్చే బస్సులో ఆమె ఒక పరిశోధన వ్యాసం చదివేది. టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. ఇంగ్లీషు, పన్నెండు పేజీలకు ఇరవై రోజులు పట్టింది. అందులో ఒక మాట ఆమెను వదల్లేదు: తప్పు దిద్దేముందు, ఎలా చేశావని పిల్లల్ని అడగండి, చెప్పింది చెప్పినట్టే రాసుకోండి.

యాభై రెండులోంచి ఇరవై ఏడు తీసేస్తే ఇరవై ఐదు. తరగతిలో పదకొండు మంది ముప్పై ఐదు వేశారు. ఎర్ర పెన్ను పక్కన పెట్టి, నీలవేణిని పిలిచింది.

“రెండుల ఏడు పోదు గద టీచర్. అందుకే ఏడుల రెండు తీసిన.”

“గట్ల తీయమని ఎవరు జెప్పిన్రు?”

“మీరే! సెకండ్ క్లాసుల చార్టు గూడ ఉన్నది.”

ఉంది. ‘ఎప్పుడూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయాలి.’

“తొమ్మిదేండ్లు అన్నా, ఎంతమందికి నూరిపోసిన్నో,” అంది ఆ సాయంత్రం, బడి ఎదురుగా చాయ్ కొట్టు నడిపే నాతో. ముందున్న చాయ్ ముట్టుకోలేదు.

పిల్లల మాటల్ని ఆమె వాళ్ల నోటుబుక్కుల్లోనే, తప్పు లెక్క పక్కన, పెన్సిల్‌తో రాసింది. నోటుబుక్కుల తనిఖీలో ప్రిన్సిపాల్ ఉమామహేశ్వర్ చూశాడు.

“ఏంది మేడం, ఇంటూ కొట్టకుంట కథలు రాసిన్రు? పేరెంట్స్ ఏమంటరు?”

“తప్పు నాది సార్. శనివారం మీటింగుల వాళ్లకు జెప్త.”

“జెప్పకుర్రి. జెప్తే లెక్కలు మీ చేతుల ఉండయి.”

చెప్పింది. వెనక వరసలోంచి ఒక తండ్రి లేచాడు. “గిన్నేండ్లకు తెల్సిందా టీచరమ్మా? మా పెద్దోడు గూడ మీ దగ్గర్నే సదివిండు. వానికెవరు జెప్పాలె మళ్ల?”

 

సోమవారం టైంటేబుల్ మారింది. మూడో తరగతి లెక్కలు కూడా రెండో తరగతి చెప్పే సుధీంద్రకే ఇచ్చారు, ఆమెకు క్రాఫ్టు. రెండో తరగతి గోడ మీది తన చార్టు తీసేయమని అడగడానికి అతని దగ్గరికి వెళ్లింది.

“ఎందుకు మేడం? మస్తుగున్నది. పిల్లలు జల్ది పట్టుకుంటున్రు.”

గుండ్రటి అక్షరాలు, అంచుల్లో రంగు కాగితం పువ్వులు. రెండు రాత్రులు కూర్చుని చేసింది అప్పట్లో.

ఆ వ్యాసాన్ని ఇప్పుడు బస్సులో కూర్చుని తెలుగులో రాస్తోంది, సుధీంద్ర కోసం. అతను అడగలేదు. మూడో పేజీలో ఉంది.