అక్క ఏరుకున్న గురుగాకు

మా ఇంటి ముందు అర ఎకరం లాన్ ఉంది. గనుల ఆఫీసులో ముప్పై ఏళ్లు ఎర్రదుమ్ము మింగినవాణ్ని. బళ్లారి చివర సంగనకల్లు దారిలో ఇల్లు కట్టుకున్నప్పుడు కళ్ల ముందు పచ్చగా ఉండాలని వేయించాను. మొదటి వానలకే గడ్డి మధ్యన తుంగ లేచింది. గోడ వెంబడి వయ్యారిభామ వచ్చింది. వాటితో పాటు గురుగు కూడా మొలిచింది. గురుగంటే గులాబీరంగు వెన్నులు వేసే మొక్క. లేత ఆకును కందిపప్పులో వేసి వండుకుంటాం.

మా అక్క మా జిల్లాలోనే ఉన్న ఎమ్మిగనూరులో వరి మడులు చేసుకుంటుంది. నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది. అమ్మ ఆసుపత్రి డ్యూటీలకు పోతే నన్ను చంకనేసుకుని తిరిగింది ఆమే. నెలలో మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభుబల్లకు మేం బాప్తిస్మం పొందిన పాత మిషన్ చర్చికే రావాలని ఆమె పట్టు. ఆరాధన అయ్యాక మా ఇంటికొచ్చేది. చెప్పులు గేటు దగ్గర విడిచి, కొంగు నడుముకు దోపి, లాన్‌లో గొంతుక్కూర్చునేది.

“తుంగను ఆకు పట్టి పీకితే ఏం లాభమప్పా? కింద గడ్డ ఉండాది. అది తీయకుంటే ఒకటి పోయి నాలుగొస్తాయి,” అనేది. వయ్యారిభామను పువ్వు రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని వేళ్లతో సహా లాగేది. గురుగును మాత్రం పీకేది కాదు. కొసలు గిల్లి ఒడిలో వేసుకునేది.

“ఇంత లాన్‌లో తినేకి పనికొచ్చేది ఇదొక్కటే ఉండాది. మిగతాదానికి బర్రెను తోలినా మూతి తిప్పుకుంటాది,” అని నన్ను ఎగతాళి చేసేది.

ఆ పప్పు నేను రెండుసార్లు వడ్డించుకునేవాణ్ని. తినడానికి నాకు సిగ్గు లేదు. ఆమె అట్లా కూర్చుని ఆకు ఏరుకోవడం వచ్చేపోయేవాళ్లు చూస్తారనే సిగ్గు.

చిన్నప్పుడు ఒకసారి ఈ పప్పు తిననని మొండికేశాను. చర్చిలో గోధుమ పొలంలో శత్రువు విత్తిన గురుగుల ఉపమానం చెప్పేవారు. ఆ గురుగులు గోధుమలాగే కనిపించే వేరే మొక్క అని పెద్దయ్యాకే తెలిసింది. అప్పుడు మాత్రం మా పళ్లెంలోదే అనుకున్నాను. “ఇది సాతాను విత్తినాడంట,” అన్నాను. “సాతానుకు ఇంత రుచి తెలిసుంటే వాడూ మనింటికే వచ్చేవాడు. తిను,” అంది అక్క.

మూడేళ్ల కింద నన్ను చర్చి కమిటీలోకి తీసుకున్నారు. ఆ గొప్ప కొద్దీ ఒక మొదటి ఆదివారం పాస్టరుగారిని, కమిటీ పెద్దలను టీకి పిలిచి లాన్‌లో కుర్చీలు వేయించాను. ఆ పొద్దున ప్రసంగం కూడా ఆ ఉపమానమే. అక్క ఎప్పటిలాగే వచ్చి, చర్చికి కట్టుకున్న తెల్లచీరతోనే, గోడవైపు కూర్చుని ఆకు గిల్లుతోంది.

ఒక పెద్దాయన అటు చూసి, వంచిన తల వల్ల ముఖం కనబడక, “ఆయమ్మ ఎవరప్పా? కలుపు తీసేకి పెట్టుకున్నావా?” అని అడిగాడు.

మా అక్క అని చెప్పాలి. రెండు మాటలు. నేను నవ్వి, “పాస్టరుగారేమో గురుగులు కాల్చాలంటారు. ఈడ చూడండి, ఏరుకుని వండుకు తినేవాళ్లు కూడా ఉండారు,” అన్నాను.

అందరూ నవ్వారు. అక్క వింది. లేచి, ఒడిలోని ఆకును గడ్డి మీదే దులిపేసింది. లోపల చేతులు కడుక్కుని, సంచి తీసుకుని, బస్సు టైమైందని నా భార్యతో చెప్పి వెళ్లిపోయింది. బస్సుకు ఇంకా రెండు గంటలుంది.

నేను వెనకే పరుగెత్తలేదు. పైగా ఆ వారమే కలుపు మందు కొట్టించాను. ఏరుకోవడానికి ఏమీ లేకపోతే నాకీ తలవంపు ఉండదనుకున్నాను. అంగడివాడు, “వెడల్పాకుదంతా చస్తాది సార్, మీ గడ్డికేం కాదు,” అన్నాడు. నిజమే. పది రోజుల్లో గురుగు మెలికలు తిరిగి వాడిపోయింది. తుంగకు చీమ కుట్టినట్టయినా లేదు. ఖాళీ అయిన చోట్ల, తర్వాతి వానకు, నేలలో దాగిన విత్తనాల నుంచి వయ్యారిభామ మోకాలెత్తు లేచింది.

అక్క ఇప్పటికీ చర్చికి వస్తుంది. పలకరిస్తుంది. ఇంటికి రమ్మంటే “వస్తాలేప్పా” అంటుంది. గేటు మాత్రం దాటలేదు. ఇప్పుడు కలుపు నేనే తీస్తున్నాను, ఆమె కూర్చున్నట్టే కూర్చుని. మోకాళ్లు పట్టేసి లేవలేనప్పుడు, వెనక నుంచి ఎవరైనా ఎగతాళి చేస్తే బాగుండునని చెవులు రిక్కిస్తాను. ఆ ఉపమానంలో యజమాని పనివాళ్లను పీకొద్దనే అంటాడు, కోతదాకా ఉండనివ్వమంటాడు. యాభై ఏళ్లుగా విన్న నాకు కాల్చడం ఒక్కటే గుర్తుండిపోయింది.

ఈ వానలకు కొళాయి దగ్గర నాలుగు గురుగు మొక్కలు లేచాయి. చూసిన వెంటనే ఫోన్ చేశాను.

“అక్కా, గురుగు మొలిచింది.”

“మందు కొట్టిన నేలప్పా అది. తినద్దు. పిల్లోళ్లకు కూడా పెట్టద్దు.”

మందు సంగతి నేనెప్పుడూ ఆమెతో చెప్పలేదు. ఎవరు చెప్పారో, ఎన్నాళ్లుగా మనసులో పెట్టుకుందో.

“తినేకి కాదక్కా. నువ్వు రావాలని. ఆ పొద్దు వాళ్ల ముందర నిన్ను మా అక్క అని చెప్పుకోలేకపోయినాను. తప్పు నాది.”

అవతల ఎవరో నారు కట్టలు యాడ వేయాలని అడుగుతున్నారు. వాళ్లకు జవాబు చెప్పి, మళ్లీ నా దగ్గరికొచ్చింది.

“నాట్లు జరుగుతాండాయి. అయిపోనీ. నోడోణ,” అంది.

చూద్దాం అని అర్థం. మా వైపు కన్నడంలో ఆ మాటతో వస్తామనీ చెప్తారు, రామనీ చెప్తారు. ఏదని నేను అడగలేదు. ఎమ్మిగనూరులో నాట్లు ఇంకా పది రోజులుంటాయట.