హైమవతి గారి నోటుబుక్కులో నా పేరు

మా గురువుగారు శ్రీమతి హైమవతి గారు మెల్‌బోర్న్ శివారు వెర్రిబీలో, మూడు వారాల క్రితం ఒక మంగళవారం ఉదయం దివంగతులయ్యారు. ఆమె కూతురు స్వప్న ఫోన్ చేసి ఆ మాట చెప్పినప్పుడు నేను సిడ్నీలో, రౌస్ హిల్ మెట్రో స్టేషన్ మెట్ల మీద ఉన్నాను. ఆఫీసులకు పోయే జనం నన్ను తప్పుకుంటూ దిగుతున్నారు. రెండు రోజులుగా ఆ వార్తకే భయపడుతున్నాను. ఏడుపు మధ్యలో స్వప్న ఒక ప్రశ్న అడిగింది. "అక్కా, సండే అమ్మ పడిపోయింది ఎగ్జాక్ట్‌గా ఎప్పుడో మీకెవరికైనా తెలుసా? మీరంతా ఆన్‌లైన్‌లోనే ఉన్నారు కదా?" తర్వాత మాట్లాడదాం అమ్మా అని ఫోన్ పెట్టేశాను. ఆమెను స్మరిస్తూ ఇంతవరకు వచ్చిన వ్యాసాల్లో ఆ ప్రశ్న లేదు. దానికి జవాబు చెప్పకుండా నేను ఈ నివాళి రాయలేను.

తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు. హైమవతి గారు ఒకప్పుడు వారపత్రికల్లో ప్రేమ ధారావాహికలు రాసిన రచయిత్రి. కలం పేరు ఎక్కడా బయటపెట్టొద్దని మాకు ఆంక్ష, ఇప్పుడూ దాన్ని దాటను. భర్త గతించాక కాకినాడ నుంచి కూతురి దగ్గరికి వచ్చి, పసిపిల్లల చైల్డ్‌కేర్‌లో వంట చేసే ఉద్యోగంలో చేరారు. ఐదేళ్ళ క్రితం ఆస్ట్రేలియా తెలుగువాళ్ళు చదివే ఒక ఫేస్‌బుక్ పేజీలో "ప్రేమకథలు రాయడం నేర్పుతాను, ఓపిక ఉన్నవాళ్ళు రండి" అని ప్రకటన పెట్టారు. మొదటి ఆదివారం పందొమ్మిది మంది వచ్చారు. ఆమె నోటికి తట్టుకుని మిగిలింది ముగ్గురం. బ్రిస్బేన్ నుంచి పద్మజ, ఆమె పళ్ళ డాక్టరు, సొంతూరు కర్నూలు. మెల్‌బోర్న్‌కే మరో చివర ఉన్న క్లైడ్ నార్త్ నుంచి నరేష్, ఎలక్ట్రీషియన్, వరంగల్ మనిషి. మూడో శిష్యురాలిని నేను, సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. తప్పులు పట్టడమే నా జీవనోపాధి. ఇలాంటి వ్యాసాల్లో విదుషీమణి, వాత్సల్యమూర్తి అని రాయడం ఆనవాయితీ. విదుషి అన్నది అక్షరాలా నిజం. వాత్సల్యం సంగతి వెళ్ళిపోయిన పదహారు మందిని అడగాలి.

మొదటి రోజు నేను "నమస్తే ఆంటీ" అన్నాను. ఇక్కడ పెద్దవాళ్ళందరూ మనకు ఆంటీలే కదా. ఆవిడ కళ్ళజోడు తీసి కెమెరాలోకి చూశారు. "ఇదిగో అమ్మాయ్, ఆంటీ అన్నావంటే నీకు నేను కూర వడ్డించాలి, ఇంకాస్త వేసుకోమ్మా అనాలి. నీ కథని తిట్టలేను. నీకు కూర కావాలా, కథ కావాలా?" కథే అన్నాను. అప్పటినుంచి మేడమ్ అనే పిలిచాం.

నా మొదటి అధ్యాయంలో కథానాయకుడు ఆరడుగులవాడు, విశాలమైన నేత్రాలు, ఇస్త్రీ చెదరని చొక్కా. రెండు పేజీలు అతన్నే వర్ణించాను. చదివి, "వీణ్ణి బట్టల షాపు అద్దాల్లో నిలబెట్టొచ్చు, పెళ్ళి మాత్రం చెయ్యలేం" అన్నారు. ఉక్రోషం వచ్చింది. ఏం రాయాలో మీరే చెప్పండి అన్నాను. ఆమె చెప్పిన మాటను మేం ముగ్గురం పుస్తకాల మొదటి పేజీలో రాసుకున్నాం. "ఆమె చెప్పకుండానే అతనేం కనిపెట్టాడో రాయి. ప్రేమకథంటే అంతే. మిగతాదంతా వాతావరణం."

ఆ వారం హోంవర్క్ ఏమిటంటే, ఇంట్లో భాగస్వామిని ఒక్క ప్రశ్నా అడక్కుండా, ఇన్నాళ్ళూ మనకు తెలియని మూడు సంగతులు కనిపెట్టాలి. పెళ్ళయిన పన్నెండేళ్ళకు నాకు తెలిసింది, మాడిన దోశ ఏదైనా ఉంటే మా ఆయన మురళి దాన్ని చప్పుడు కాకుండా తన కంచంలోకి లాక్కుంటాడని. పేరంటాల్లో చెప్పుకునేంత గొప్ప విషయం కాదు. కానీ ఆ పూట నేను స్టవ్ దగ్గర కాసేపు ఊరికే నిలబడిపోయాను. నరేష్ పరిస్థితి వేరు. "మేడమ్, నేను చూస్తున్నానని మా ఆవిడకి డౌటొచ్చింది. ఏం తప్పు చేసినవ్, జెప్పు అని పట్టుకున్నది" అన్నాడు. మేడమ్ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. అంతలా నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇక నియమం గురించి చెప్పాలి. మా క్లాసులో ఎవరి అధ్యాయం చర్చకు వస్తే వాళ్ళు కెమెరా ఆపేయాలి, మైకు ఆపేయాలి. మిగతావాళ్ళు వంతులవారీగా మాట్లాడతారు. రాసినవాళ్ళు నోటుబుక్కులో రాసుకోవాలి తప్ప ఒక్క ముక్క మాట్లాడకూడదు. "మీ మొహం కనబడితే వాళ్ళు నిజం చెప్పరు. మీ నోరు లేస్తే మీరు నిజం వినరు" అనేవారు. అందరి వంతూ అయ్యాక రచయిత మైకు వేసి ఒకే ఒక మాట అనాలి. "విన్నాను." దానికి గడువు లేదు. అవమానం దిగమింగుకోవడానికి ఎవరికి ఎంతసేపు పడితే అంతసేపు. నాకు ఒకసారి ఏడు నిమిషాలు పట్టింది. మిగతావాళ్ళు కిక్కురుమనకుండా ఆగారు. రచయితను మధ్యలో పిలవడం, ఉన్నావా అనడం, ఓదార్చడం నిషిద్ధం. పద్మజ ఒకసారి నన్ను జాలిగా పిలిచినందుకు పావుగంట చీవాట్లు తిన్నది.

ఐదేళ్ళలో ఆమె తన రచన ఎప్పుడూ మా ముందు పెట్టలేదు. ఆ ఆదివారం పెట్టారు. ఎన్నో ఏళ్ళ తర్వాత మొదలుపెట్టిన నవల అది. నడివయసు దాటిన ఇద్దరు రోజూ సాయంత్రం ఫోన్లో మాట్లాడుకుంటారు. ఆ అధ్యాయంలో ఒకరోజు అతను మాట మధ్యలో మౌనమైపోతాడు. అలిగాడనుకుని ఆమె ఫోన్ చెవికి ఆనించుకుని అరగంట అలాగే కూర్చుంటుంది. మధ్యాహ్నం రెండింటికి మేడమ్ కెమెరాలో కనిపించారు. ఆకుపచ్చ స్వెటర్, చేతిలో పెన్ను. పొద్దుట్నించీ తల కొంచెం బరువుగా ఉందన్నారు. వాయిదా వేద్దామా అంది పద్మజ. "ఏం, తిట్టడానికి భయమేసిందా? కానివ్వండి. మీకు నేర్పింది మీకు వచ్చిందో లేదో ఈరోజు తేలాలి" అని కెమెరా ఆపేశారు.

పద్మజ ఓ పది నిమిషాలు మాట్లాడింది. నరేష్ మొహమాటంగా, మెచ్చుకోళ్ళతో కలిపి ఇంకో పావుగంట. తర్వాత నేను. గురువును మెప్పించాలన్న యావ, ఐదేళ్ళ తిట్లకు బాకీ తీర్చుకుంటున్నానన్న కొంటెతనం, రెండూ నాలో ఉన్నాయి. దాచను. పన్నెండు నిమిషాలు ఏకధాటిగా మాట్లాడాను. నా ముఖ్యమైన ఆక్షేపణ ఇదీ: "మేడమ్, ఈ నాయిక మీద నాకు నమ్మకం లేదు. అవతలి మనిషి అంతసేపు పలక్కపోతే ప్రేమించినవాళ్ళెవరైనా 'ఉన్నారా?' అని అడుగుతారు. అరగంట ఊరికే కూర్చోరు. ఈవిడ అతన్ని కనిపెట్టుకుని లేదు, తన అభిమానాన్ని కనిపెట్టుకుని ఉంది." ఆ చివరి వాక్యం నాకు తెగ నచ్చింది. కొంచెం మార్చి రెండోసారి కూడా అన్నాను.

తర్వాత ముగ్గురం "విన్నాను" కోసం ఆగాం. తెర మీద నల్లటి గడిలో ఆమె పేరు మాత్రమే ఉంది. మూడు నిమిషాలు, నాలుగు. అయిదో నిమిషంలో నరేష్ గొంతు తగ్గించి, "మేడమ్ ఫీలైనట్టున్నరు. మీరు జర ఎక్కువ అన్నరు" అన్నాడు. నాకు రోషమొచ్చింది. "రూల్ ఆవిడదే కదా. మన వంతప్పుడు ఆవిడ ఆగట్లేదా? ఆగండి" అన్నాను. ఆగమన్నది నేనే. ఏడో నిమిషం దాటింది. నా రికార్డు దాటారు అని జోకు కూడా వేశాను. పదకొండో నిమిషంలో పద్మజ అంది, "ఏందబ్బా, నాకు మనసు బాగాల్యా. తల బరువుగా ఉందన్న్యారు కదా." "మేడమ్, ఉన్నారా?" అని ముగ్గురం ఒకేసారి అరిచాం.

ఫోన్ చేశాం, మోగి ఆగింది. నాలుగుసార్లు అంతే. స్వప్నకి చేస్తే ఎత్తలేదు. వీకెండ్ షిఫ్టులో ఫోన్ లాకర్‌లో పెడుతుందట, అది తర్వాత తెలిసింది. నేను అంబులెన్సు కోసం ఇక్కడి అత్యవసర నంబరు ట్రిపుల్ జీరోకి ఫోన్ కలిపాను. అవతలి అమ్మాయి ప్రశాంతంగా ఇంటి అడ్రస్ అడిగింది. వెర్రిబీ అన్నాను. ఏ వీధి అంది. నాకు తెలియదు. ఐదేళ్ళు ప్రతి ఆదివారం చూసిన మనిషి. ఆమె వెనక గోడ మీద క్యాలెండరు తెలుసు, ఆమె నాయికలు ఏ రంగు చీరలు కడతారో తెలుసు, వీధి పేరు తెలియదు. పద్మజకీ తెలియదు. నరేష్ మాత్రం "ఆగున్రి, ఆగున్రి, ఓసారి వాళ్ళింట్ల లైట్లు బిగించిన, పాత మెసేజ్ ఉంటది" అని ఫోన్లో వెతికాడు. అడ్రస్ దొరకగానే చదివాడు, నేను అవతలికి అప్పజెప్పాను. వెంటనే కారు తాళాలు తీసుకుని లేచాడు. ఊరికి ఆ చివరి నుంచి ఈ చివరికి గంట పైన ప్రయాణం. నేనూ పద్మజా మీటింగు మూయకుండా ఆ నల్లగడినే చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి అంబులెన్సువాళ్ళు తలుపు బద్దలుకొట్టే చప్పుడు వినబడుతుందేమోనని చెవులు రిక్కించాను. ఆమె మైకు ఆపి ఉందన్న సంగతి అప్పటికి మర్చిపోయాను.

ఆస్పత్రికి చేర్చాక, మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. రెండు రోజులు స్పృహ లేదు. ముందే చేరిస్తే దక్కేవారా అని డాక్టరును స్వప్న అడిగితే, చెప్పలేమన్నారట. దక్కేవారు కాదు అనలేదు. దక్కేవారు అనీ అనలేదు.

అంత్యక్రియలైన వారానికి నేను మెల్‌బోర్న్ వెళ్ళాను. స్వప్న టీ ఇచ్చి, డైనింగ్ టేబుల్ మీద ఒక నోటుబుక్కు తెరిచి పెట్టింది. ఆదివారం తేదీ. "పద్మజ:" అని, దాని కింద ఏడు పంక్తులు. "నరేష్:" అని, దాని కింద నాలుగు పంక్తులు, చివర "పొగడ్త ఎక్కువ" అని బ్రాకెట్లో. తర్వాత "సౌజన్య:" అని ఉంది. దాని కింద కాగితమంతా ఖాళీ. ఆమె పెన్ను ఆ పేజీ మీదే దొరికిందట, మూత పెట్టకుండా.

"దిస్ ఈజ్ యూ, కదక్కా?" అంది స్వప్న, ఆ పేరు చూపించి. అవునన్నాను. "ఎంతసేపు మాట్లాడారు?"

"పన్నెండు నిమిషాలు. ఆ తర్వాత ఇంకో పదకొండు నిమిషాలు ఆగాం. ఆగమన్నది నేనే." చెప్పేశాను. స్టేషన్ మెట్ల మీద దాటేసిన జవాబు అదే.

ఆమె ఆ ఖాళీ మీద వేలు పెట్టింది. "ఏం చెప్పారు? అమ్మ వినలేదుగా. నాకు చెప్పండి."

చెప్పడం మొదలుపెట్టాను. అవతలి మనిషి అంతసేపు పలక్కపోతే ప్రేమించినవాళ్ళెవరైనా అడుగుతారు అన్నాను, అని అక్కడిదాకా వచ్చి ఆగిపోయాను. స్వప్న నన్ను తిట్టలేదు. ఫర్వాలేదనీ అనలేదు. నోటుబుక్కు మూస్తూ మెల్లగా అంది: "యూ వర్ రైట్, అక్కా. ఎవరైనా అడుగుతారు."

ఆ మాటతోనే బతకాలి. దీన్ని చెరిపేసే మాట ఎవరైనా చెబుతారని ఈ వ్యాసం రాయడం లేదు. చెప్పకుండానే కనిపెట్టడం నేర్పిన మహామనిషి దగ్గర ఐదేళ్ళు కూర్చుని, అదొక్కటే కావలసిన పూట నేను చేతకానిదాన్నయ్యాను. ఆమెకు నా అశ్రునివాళి ఈ ఒప్పుకోలే.

మొన్న ఆదివారం మళ్ళీ కలిశాం. ఈ వ్యాసాన్నే చర్చకు పెట్టి, నియమం ప్రకారం కెమెరా, మైకు ఆపి నోటుబుక్కు తెరిచాను. పద్మజ రెండు వాక్యాలు మాట్లాడి ఆగింది. "సౌజన్యా, ఉండావా?" అంది. నేను మైకు వేసి, ఉన్నాను అన్నాను. ఇంకో రెండు నిమిషాలకు నరేష్, "సౌజన్య గారూ, ఉన్నరా?" అన్నాడు. ఉన్నానన్నాను. గంటలో ఎన్నిసార్లు పిలిచారో లెక్కలేదు, చర్చ ముందుకు సాగనేలేదు. మేడమ్ బతికి ఉంటే, నియమం తప్పినందుకు ముగ్గురినీ కలిపి ఉతికి ఆరేసేవారు. ఆ తిట్లు తినడానికి ముగ్గురం నోరు మూసుకుని కూర్చున్నాం. తిట్టే మనిషి లేదు.